పూలకుండీ కింది మరక

మా బాపు శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పంపు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. భూమి లోపల ఊరే నీళ్లను పైకి తోడే పైపులు ఎక్కడ కారినా పోయి ఆపడం ఆయన పని. రిటైరైన రోజు దండలు వేసిన వాళ్లంతా, ఈయన చెయ్యి పడ్డ జాయింటు మళ్లీ కారదని పొగిడారు. ఆ మాట ఆయన మనసులో గట్టిగా కూర్చుంది. అందుకే మా పాత కారులోంచి ఇంజన్ ఆయిల్ కారడం మొదలైనప్పుడు అది తన మీద వేసిన నింద అనుకున్నాడు.

కారు వయసు చెప్పను. నా పెళ్లికి ముందు కొన్నారు, ఇప్పుడు నా కూతురు డిగ్రీ చదువుతోంది.

మా వాకిట్లో చుక్కలు పడినంత కాలం అవ్వ, అంటే మా అమ్మ, పెద్దగా పట్టించుకోలేదు. పొద్దున ఊడ్చేటప్పుడు నాలుగు మాటలు అనేది, చెత్తతోపాటు అవీ పోయేవి. గొడవ పెద్దపల్లిలో మొదలైంది. అక్కడ మా మామ, అంటే అవ్వకు అన్న, ఇంటి ముందు కొత్తగా తెల్లబండలు పరిపించాడు. చూడ్డానికి పోయిన రోజు మా కారు ఆ బండల మీద ఒక్క పూట నిలబడి, అరచెయ్యంత మరక పెట్టి వచ్చింది. అత్త సర్ఫు వేసి రుద్దింది, ముగ్గుపిండి పోసింది, నిమ్మకాయ పిండింది. పోలేదు. చివరికి దాని మీద ఒక పూలకుండీ పెట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కుండీ జరిపి, కింద ఏముందో చూపించి, అది ఎవరి కారు పుణ్యమో చెప్పి, మళ్లీ కుండీ యథాస్థానంలో పెట్టేది. పూజారి కూడా దేవుణ్ని అంత ఓపికగా చూపించడు.

ఈ సంగతి ఫోన్లలో తిరిగి తిరిగి అవ్వ చెవిన పడింది. అంతలోనే మామ మనవరాలి తొట్టెల పండుగకు రమ్మని కబురొచ్చింది. ఆ పూట అవ్వ అన్నం వడ్డిస్తూ బాపుతో చాలా మెల్లగా మాట్లాడింది. ఆమె మెల్లగా మాట్లాడితేనే మాకు భయం.

"నా తల్లిగారింట్ల నా ఇజ్జత్ పూలకుండీ కింద పెట్టిన్రు. గా బండల మీద ఇంకొక్క చుక్క పడ్డదంటే నేను బస్సుల వస్త. మళ్ల నీ కారెక్క."

ఆదివారం నేను కరీంనగర్ నుంచి వచ్చేసరికి బాపు బానెట్ ఎత్తి ఉన్నాడు. కరీంనగర్‌లో నేను బడిలో టీచర్ని, ఇక్కడ మాత్రం నా ఉద్యోగం టార్చి పట్టడం. అంత కష్టమైన ఉద్యోగం ఇంకొకటి లేదు. బాయిలో లైటు టోపీకే ఉంటుంది, తల ఎటు తిరిగితే వెలుగు అటు పోతుంది. తాను చూసిన చోట వెలుగు ఉండాలని బాపు కళ్లకు అలవాటు. నేను ఆయన తలకాయను కాదు కదా, నా వెలుగు ఎప్పుడూ ఒక జానెడు వెనకే ఉండేది. నలభై ఐదేళ్ల మనిషిని, యాభై మంది పిల్లలను ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని, లైటు పట్టరాదని తిట్లు తిన్నాను.

నూనె ఇంజన్ పైమూత అంచు నుంచి వస్తోందని తేలింది. మూతకూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు పట్టీని ప్యాకింగ్ అంటారు. అది ఎండి పెళుసైపోయింది. కొత్తది మంచిర్యాలలో దొరుకుతుంది, తెస్తానన్నాను. బాపు నన్ను జాలిగా చూశాడు.

బొగ్గు ఊళ్ల సంగతి తెలియని వాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. బాయిలో బొగ్గు మోసే బెల్టు అరిగిపోయాక ముక్కలై మా ఇళ్లకు చేరుతుంది. గడప ముందు కాళ్లు తుడుచుకునేది బెల్టు ముక్క, బర్రెల కొట్టంలో పరిచేది బెల్టు ముక్క, తలుపు కీలు ఊడితే కొట్టేదీ బెల్టు ముక్కే. మా గడప ముందున్న దాని మీద నేను పలక పట్టిన నాటి నుంచి కాళ్లు తుడిచాను. బాపు దాన్ని తీసుకుని పొరలు పొరలుగా చీల్చి, పై రబ్బరును అవ్వ కత్తెరతో మూత ఆకారంలో కోశాడు. బిగించేటప్పుడు బలం చాలదని స్పానరుకు గొట్టం తొడిగాడు. బాయిలో అట్లా బిగిస్తేనే నీళ్లు ఆగేవట. రెండు చుట్లకు ఒక బోల్టు తల తెగి చేతికొచ్చింది. బోల్టులు ఇప్పుడు వెనకటిలా చేయడం లేదని దాన్నే తప్పుబట్టాడు.

నాలుగు రోజులు బాగానే ఉంది. ఐదో రోజుకు బెల్టు రబ్బరు నూనె తాగి ఉబ్బింది. బాయిలో దానికి నీళ్లే అలవాటు. మూత పక్క నుంచి నాలుకలా బయటికి వచ్చింది, చుక్కలు పోయి ధార మొదలైంది. కారు బాగుపడలేదు, గడప ముందు కాళ్లు తుడుచుకోవడానికీ ఏమీ మిగల్లేదు. అవ్వ నాకు ఫోన్ చేసి పెద్దపల్లి బస్సు టైము అడిగింది.

తర్వాతి ఆదివారం నేను కొత్త ప్యాకింగ్ కొనుక్కొచ్చి, మరిచిపోయినట్టు కారు సీటు మీద పెట్టాను. బాపు చాలాసేపు దాన్ని చూడనట్టు తిరిగి, చివరికి అదే వేశాడు. తెగిన బోల్టు ముక్కను తిప్పలు పడి తీశాడు. ఈసారి గొట్టం లేదు, చేతి బలమే. పైమూత దగ్గర కారడం ఆగింది. కానీ నేను టార్చితో వంగి చూస్తే, వెనక ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట కూడా తడి కనిపించింది. చెప్పాను. పాత మరక అన్నాడు. అది ఆపాలంటే ఇంజన్ దింపాలట, మెకానిక్‌కు చూపిద్దామన్నాను. తన ఇంట్లో లీకు చూడ్డానికి బయటివాడు ఎందుకని బానెట్ ధన్‌మని మూశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తాం? టార్చి ఆర్పేశాను కానీ, పండుగ రోజు పెద్దపల్లి దాకా వెనక్కి తిరిగి రోడ్డు మీద చుక్కలు వెతుకుతూనే ఉన్నాను.

మామ ఇంటి ముందు కారు ఆగేచోట ఖాళీ గోనెసంచులు కొలిచినట్టు పరిచి ఉన్నాయి. అత్త పనే. అవ్వ కారు దిగి, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, సంచులన్నీ ఒక్కొక్కటే మడిచి అత్త చేతుల్లో పెట్టింది.

"గివి అక్కర్లేదు వదినె. మా కారు మంచిగైంది. ఆయన చేసిండు."

బాపు మీసం అప్పుడు చూడాలి.

తొట్టెలలో పాపను నేను సరిగ్గా చూడనేలేదు. మొదట బాపు ఫోన్ వచ్చిందని బయటికి పోయాడు, తర్వాత అవ్వ చెయ్యి కడుక్కుంటానని పోయింది, తర్వాత నేను గాలి కోసమని పోయాను. ముగ్గురం వంతులవారీగా కారు కిందికి వంగి చూసి వచ్చాం. మోగని ఫోన్లో మాట్లాడుతున్న బాపును మామ రెండుసార్లు వింతగా చూశాడు. భోజనాలు అయ్యాయి. బండలు తెల్లగానే ఉన్నాయి.

బయలుదేరేటప్పుడు పడింది. బాపు కారును వెనక్కి తీసి రోడ్డెక్కించాడు. అది నిలబడిన చోట నల్లగా మెరుస్తూ ఒక్క చుక్క, రూపాయి బిళ్లంత. నాకంటే ముందు అవ్వ చూసింది. రెండడుగులు వేసి దాని మీద చెప్పు పెట్టి నిలబడింది. బొట్టు పెట్టడానికి వచ్చిన అత్తను మాటల్లో పెట్టింది. పాప ముక్కు ఎవరిదో అడిగింది, పప్పు బాగుందంది, ఏనాడూ అడగని అత్త మోకాళ్ల నొప్పి గురించి కూడా అడిగింది. అడుగుతూనే మడమ తిప్పుతోంది. బాపు హారన్ కొట్టాడు. అవ్వ కదిలాక బండ మీద మసక తప్ప ఏమీ లేదు. అత్త బొట్టుగిన్నె మూతపెట్టి లోపలికి పోయింది.

దారి పొడుగునా బాపు మాట్లాడుతూనే ఉన్నాడు. గోదావరి బ్రిడ్జి దాటేసరికి బాయిలో తాను ఆపిన లీకులన్నీ అయిపోయాయి. ఒక్క చుక్కన్నా పడ్డదా అని అవ్వను అడిగాడు.

"యాడ పడ్డది? పడలే," అన్నది అవ్వ.

నాకు నవ్వు ఆగక కిటికీ వైపు తిరిగాను. అవ్వ మీద అంత ప్రేమ నాకు అంతకు ముందు ఎన్నడూ రాలేదు.

తెల్లవారి నేను లేచేసరికి బాపు నల్లా దగ్గర పీట మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో అవ్వ చెప్పు, ఇంకో చేతిలో కిరోసిన్ గుడ్డ. చెప్పు అడుగు గీతల్లో ఇంకిన నలుపును పుల్లతో తీసి, తుడిచి, మళ్లీ తీస్తున్నాడు. లోపల అవ్వ చాయ పెడుతోంది. నేను పోయి పక్కన నిలబడినా తల ఎత్తలేదు.

"మీ అవ్వకు జెప్పకు," అన్నాడు. చెప్పును ఎండలో పెట్టి, చేతులు కడుక్కున్నాడు. "నువ్వన్న గా మెకానిక్‌కు ఫోన్ జెయ్. ఇంజన్ దింపుమను. లైటు నేను పడ్త."