మస్టర్‌లో తీతువు

ఉద్యోగం కొత్తగా దొరికిన రోజుల్లో ఎవరికైనా తాను లేకపోతే గని ఆగిపోతుందనిపిస్తుంది. మా గని మాత్రం నేనుండగా, నా వల్లనే ఒక పూట ఆగింది. అప్పట్లో నేను గోదావరిఖని దగ్గర ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మస్టర్ రాసే గుమాస్తాను. వచ్చినవారిని, రానివారిని తప్పు లేకుండా రాయడం తప్ప మరో విద్య తెలియదు (ఆ అలవాటు మా ఇంట్లోవాళ్లను ఇప్పటికీ వేధిస్తోంది).

ఒక వేసవి ఉదయం, డంపర్లు మట్టి పోసే గుట్ట మీద, గులకరాళ్ల నడుమ నాలుగు తీతువు గుడ్లు కనిపించాయి. గూడు లేదు, ఉత్త నేల. పిల్లలు పుట్టినా రెక్కలు వచ్చేదాకా వాటికి కాళ్లే దిక్కు. మరునాటి నుంచి మట్టి పోయవలసింది సరిగ్గా అక్కడే. డంపర్ నడిపే మీసాల కాకతో చెబితే, "దాని కూతనే మంచిది కాదు బిడ్డా. డ్యూటీకి పోంగ ఇనవడితె నేను ఇంటికి మళ్లుత" అన్నాడు.

వాదించడం చేతకాక, పేలుడు మందు పెట్టిన చోట పాతే ఎర్ర జెండాలు నాలుగు తెచ్చి, పన్నెండేసి అడుగులు కొలిచి గుడ్ల చుట్టూ పాతాను. కొలత తప్పలేదు. వాటిని చూసినవాళ్లు ఏమనుకుంటారన్నదే తట్టలేదు.

మరునాడు డంపర్లన్నీ వరుసగా ఆగిపోయాయి. పనిచోట భద్రత చూసే సర్దార్ అందరినీ వెనక్కి పంపి, ఒక్కడే అడుగులో అడుగు వేస్తూ వెళ్లాడు. తీతువు అరుస్తూ ఆయన టోపీ మీదికి దూకింది. ఆయన వెనుదిరిగి పరుగెత్తిన తీరు చూసి, మందు పేలుతోందనుకొని అందరూ నేలమీద బోర్లా పడ్డారు. (మొదట పడినవాణ్ని నేనే.)

"జెండాలు ఎవడు పాతిండు?" దూరాన ఆగి సర్దార్ అరిచాడు.

ఉద్యోగం పోయిందనుకుంటూ లేచాను. "నేనే సార్. గుడ్లున్నయి."

"గుడ్ల కోసం గని బంద్ పెడుతవా? పిట్టకు మస్టర్ పడ్డదా ఏంది?"

"పడలే సార్" అన్నాను, వినయంగా.

మీసాల మట్టి దులుపుకుంటూ కాక కల్పించుకున్నాడు. "ఇయ్యాల్టి సంది ఎయ్యి బిడ్డా. షిఫ్టు అయితె మనం ఇంటికన్న పోతం. అది గా ఎండల్నే కూసుంటాంది."

సర్దార్ మొహం తిప్పుకొని నవ్వాడు. "జెండాలు పీకు. సున్నం కొట్టిన రాళ్లు పెట్టు. మట్టి అవుతల పోయుండ్రి."

అప్పటినుంచి మూడు షిఫ్టులవాళ్లూ మస్టర్ కిటికీ దగ్గర తమ పేరు చెప్పేముందు "ఉన్నదా?" అని అడిగేవారు. నేను నా సొంత డైరీలో రోజూ 'హాజరు' వేశాను. పందొమ్మిదో రోజు పిల్లలు బయటపడ్డాయి. ఇరవయ్యో రోజు రాళ్ల మధ్య ఖాళీ. తల్లి వెనక నాలుగూ గుట్ట దిగి నడిచిపోవడం కాక ఒక్కడే చూశాడట.

ఆ పేజీ ఈ మధ్య మళ్లీ తీశాను. గైర్హాజరు, అయిదు. కారణం గడిలో ఆనాడు మొదట 'తెలియదు' అని రాసి, దాన్ని కొట్టేసి, 'నడక వచ్చింది' అని రాసుకున్నాను. ఇన్నేళ్ల డైరీల్లో కొట్టివేత అదొక్కటే.