దీపం: ఒకటి

నారాయణమ్మ ఇంటికి అర మైలు దూరంలో ఒక ఊరుంది. అందులో జనం లేరు, ఇళ్లూ లేవు. పేరు మాత్రం ఉంది, ఓబయ్యవలస. ఒక మట్టిదిబ్బ, దాని నెత్తిన అమ్మవారనుకునే రాయి, తవ్వితే కుండపెంకులు. రాజుల కాలంలో జనమంతా ఒక్కరోజే లేచి వెళ్లిపోయారట. ఎందుకని అడిగితే ఆమె భర్త రమణమూర్తి ఒకసారి మశూచి అనేవాడు, ఒకసారి పులి అనేవాడు, కోపంగా ఉన్న రోజున శిస్తు అనేవాడు. వెళ్లినవాళ్ల సంతతే తామన్న మాట మాత్రం ఎన్నడూ మార్చలేదు. వాళ్ల ఇంటిపేరు కూడా ఓబయ్యవలసే.

రమణమూర్తి ముప్పయ్యేళ్లు విశాఖ పోర్టులో కళాసీ. శుక్రవారం బస్సు దిగితే ముందు దిబ్బెక్కి దీపం పెట్టి, ఆ తరవాతే ఇంటికొచ్చేవాడు. నిరుడు మాఘంలో పోయాడు. పెద్దకర్మ అయ్యాక వచ్చిన శుక్రవారం నారాయణమ్మ సీసాలో నూనె పోసుకుని వెళ్లింది. అతను చేసే పనుల్లో ఆమెకు చేతనయింది అదొక్కటే.

ఆడపడుచు కొడుకు గంగరాజు మట్టి లారీలు తిప్పుతాడు. సిటీలో ఏదో లేఅవుట్‌కి మట్టి కావాలి. దిబ్బ సర్కారుది, అక్కడ మనిషి లేడని కాయితం వస్తే మొత్తం ఎత్తుకుపోవచ్చు. ఒక శనివారం సర్వేయరు ఉమాశంకర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. సంగతి తెలిసి నారాయణమ్మ మజ్జిగ చెంబుతో దిబ్బెక్కింది.

"ఇక్కడ ఎవరైనా ఉంటున్నారామ్మా?" అన్నాడు సర్వేయరు.

"ఎవులుంతారు బాబూ."

"అయితే బేచిరాగ్ అని రాస్తాను."

"అంటే ఏటి?"

"పాతకాలపు రెవెన్యూ మాట. దీపం లేని ఊరని."

నారాయణమ్మ చెంబు కింద పెట్టింది.

"దీపం లేదని ఎవులు సెప్పినారు? నిన్న సాయంత్రం నానే ఎట్టినాను."

గంగరాజు నవ్వాడు. "అది రికార్డు మాటత్తా. నీ దీపానికి కరెంటు మీటరుందేటి?"

"మీ మావ ఉన్నప్పుడు అడగలేకపోనావా ఆ మాట?"

గంగరాజు లారీ తాళాలు చూసుకున్నాడు.

ఉమాశంకర్ గొంతుక్కూర్చుని ప్రమిద ముట్టుకున్నాడు. వేలికి నూనె అంటింది. రుమాలుతో తుడుచుకుని, మజ్జిగ తాగి, కాయితం తీశాడు. బేచిరాగ్ అన్నది రాయలేదు. 'జనాభా: లేదు. దీపం: ఒకటి' అని రాశాడు. రాయి చుట్టూ నాలుగు గజాలు ముట్టకూడదన్నాడు.

కాయితం అలాగే వచ్చింది. లారీలు మూడు వారాలు తిరిగాయి. గంగరాజు మాట తప్పే మనిషి కాదు, నాలుగు గజాలూ టేపుతో కొలిచి మరీ వదిలాడు. ఇప్పుడు ఓబయ్యవలస నిలువెత్తు మట్టిస్తంభం, పైన రాయి. ఎక్కడమెలాగో కాయితంలో లేదు.

శుక్రవారం సాయంత్రం నారాయణమ్మ నూనె సీసా పట్టుకుని, భుజాన నిచ్చెన వేసుకుని వెళుతుంది. గంగరాజు కూడా వస్తాడు.

"జారిపోతావత్తా. నాను ఎట్టేత్తాను, సీసా ఇలా తే," అంటాడు ప్రతిసారీ.

"నువ్వు నిచ్చెన పట్టుకో," అంటుంది.