గడులతో వేసిన ఇప్పపువ్వు

భద్రాచలం రోడ్డులో ఆస్తంతా పోగా మాకు మిగిలిన రెండు గదుల్లో ఒకటి బొమ్మలు వేసే ఓ అమ్మాయికి కిరాయికిచ్చాను. ఊరంతా నన్ను దొర అంటుంటే ఆమె మాత్రం సార్ అనేది. చిన్నచిన్న రంగు గడులతో అడవి బొమ్మలు వేసి, ఫోన్‌లో పంపుకునే ఎమోజీల ఫాంటుగా కూర్చేది. మాట్లాడుతున్నా ఆమె చూపుడువేలు గాలిలో గడులు పెడుతూనే ఉండేది.

ఫాంటు కొంటామన్న హైదరాబాద్ కంపెనీ, అందులోని ఇప్పపువ్వు బొమ్మ తీసి గులాబీ పెడితేనే బేరమంది.

"ఒప్పుకోమ్మా, ఇంత కష్టపడ్డావు" అన్నాను.

"ఏంది సార్, మీరేనా గిట్లనేది?" అంటూ వాళ్లకు జవాబుగా ఒక్క ఇప్పపువ్వు పంపింది.

"నీ ఫాంటు లేని ఫోన్‌లో అది ఖాళీ డబ్బాలా కనబడుతుంది కదా?" అనడిగాను.

"అవ్ సార్. పువ్వు చూడాలంటే నా ఫాంటు ఎక్కించుకుంటరు."