పసుపు ఆరేదాకా

మీరు నవ్వుకోడానికి నా పరువు చాలు, ఇదిగో తీసుకోండి. మా ఒడిశా బరంపురంలో ఎమ్మెస్సీ ఆఖరి వైవా రోజున, ఎలక్ట్రానిక్స్ లాబులో, పదిమంది ముందు చేజేతులా పోగొట్టుకున్న పరువు అది.

నా ప్రాజెక్టు రెండు సర్క్యూట్లు. రెండిటిలోనూ కరెంటు పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది, వేసిన అడుగు మళ్ళీ వేయదు. దాన్నే కేయాస్ అంటారు. ఆ పిచ్చిని అదుపు చేసి రెండిటినీ జతగా నడిపించాలి. జత కుదిరితే తెర మీద ఏటవాలుగా ఒక్క గీత కనిపిస్తుంది. నాకు మూడు వారాలుగా కనిపిస్తున్నది చిక్కుపడ్డ నూలు ఉండ. దిగపహండి కాలేజీవాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు, ఈ వైవా గట్టెక్కితేనే.

అందితే సిద్ధాంతం, అందకపోతే అమ్మ. వైవా రోజు పొద్దున్నే రెండు బోర్డులూ ఆమె ముందు పెట్టాను. మాది కిరాణా హోల్‌సేలు ఇల్లు. కొత్త కాటా వస్తే పసుపు పూసి బొట్టు పెట్టందే తూకం వెయ్యం.

"అమ్మా, ఈటిక్కూడా పెట్టవే."

"ఏటే ఇది? అన్నీ తీగలే. తడి తగిల్తే పాడవదా?"

"ఏటీ అవదు. ఎలక్ట్రానిక్స్ సదివింది నువ్వా, నేనా?"

"సర్లే, నీ సదువు నీ ఇష్టం," అని నిండుగా పూసింది.

లాబులో స్విచ్ వేశాను. తెర మీద ఏటవాలు గీత! సన్నగా, తిన్నగా!

వైవాకి బయటి ఊరినుంచి వచ్చిన పెద్ద మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అరె! పిచ్చీ కుదిరింది, జతా కుదిరింది. ఎలాగ సేసేవమ్మా?"

నాకు తెలిస్తేగా! నోరు మాత్రం ఊరుకోలేదు. "కొత్త రకం పూత సార్. ఇక్కడ దొరికే పదార్థమే."

"ఏటా పదార్థం?"

"పచ్చగా ఉంటుంది సార్."

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. అతికింది, పసుపు ఆరేదాకా. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. గీత లావెక్కింది, ఊగింది, మళ్ళీ నూలు ఉండైపోయింది. నా ఉద్యోగం, దిగపహండి బస్సు, అన్నీ ఆ ఉండలోనే చిక్కుకున్నాయి.

"ఏటైందమ్మా?"

ఏడుపొచ్చేసింది. "అది మా అమ్మ పూసిన పసుపు సార్. తడిగా ఉన్నంతసేపూ అందులోంచి కూడా కరెంటు పారినట్టుంది. ఇప్పుడు ఆరిపోయింది."

ఆయన తన మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచి రెండు బోర్డుల మీదా చెరో చుక్క వేశారు. గీత తిరిగొచ్చింది!

"ఇప్పుడు సెప్పేవు సూడు, అదీ జవాబు. ఠిక్ అఛి, బాగుంది, పాస్. రిపోర్టులో మాత్రం మీ అమ్మ పేరు ముందు రాయి."

ఆనాడే ప్రమాణం చేశాను, ఒంట్లో ప్రాణం ఉండగా సర్క్యూటుకి తడి పసుపు పూయనని. దిగపహండిలో మా విద్యార్థుల బోర్డులకి పొడి పసుపే, అదీ చిటికెడే. వైవా రోజున బల్ల మీద నీళ్ళ గ్లాసు మాత్రం నేనే స్వయంగా పెడతాను.