బాకీ చద్దరు

మా కూతురు దుబాయ్ నుంచి ఫోన్ చేసి, కాన్పుకు అమ్మతోపాటు నన్ను కూడా రమ్మన్నప్పుడు నేను చెంబెడు నీళ్ళు గటగటా తాగాను. అది మామూలు చెంబు కాదు. ఎండాకాలంలో ఒక జత ఎడ్లకు సరిపోయే చెంబు.

"బాపూ, ఇనవడ్తుందా? మీ ఇద్దరి పాస్‌పోర్టులు ఫోటో తీసి గీ వారంలనే పంపుండ్రి. వీసా నేను తీస్త."

"నేనెందుకు బిడ్డా? దుకాణం ఎవ్వలు జూస్తరు?"

"జగిత్యాలల దిగమంటె కరీంనగర్ల దిగిన మనిషి అమ్మ. ఒక్కతె విమానమెక్కితె యాడ దిగుతది?"

మావైపు తొలి కాన్పు తల్లిగారింట్లోనే చేస్తారు. కూతురు అక్కడ ఆసుపత్రిలో నర్సు. సెలవులు లెక్కపెట్టి ఇస్తారు కనుక, ఈసారి తల్లిగారిల్లే లేచి దుబాయ్ వెళ్ళాలి. ఫోన్ పెట్టేసరికే నా భార్య పసుపు కొమ్ములు ఎండబోసింది. బాలింతకు ఎల్లిపాయ కారం దంచడం మొదలుపెట్టింది. ఆ ఘాటుకు మా వాడకట్టులో మూడిళ్ళవాళ్ళు తలుపులు వేసుకున్నారు.

నిజానికి నాకు దుకాణం అడ్డం కాదు. కోరుట్ల బస్టాండు పక్కన ఫ్యాన్లకు, మోటార్లకు వైండింగ్ చేస్తాను. ఆ దుకాణం మూతపడితే కోరుట్ల మొత్తం చెమటలో కొట్టుకుపోతుందని నలుగురికీ చెప్పుకుంటాను గానీ, జ్వరంతో వారం రోజులు పడుకున్నప్పుడు ఒక్కరూ అడగలేదు. అడ్డం వేరే ఉంది. దుబాయ్‌లో ఒక బ్యాంకుకు నేను క్రెడిట్ కార్డు బాకీ. పదిహేడేళ్ళ నుంచి బాకీ. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫోన్ వచ్చేదాకా నాకూ తెలియదనే చెప్పాలి. అంత బాగా మరిచిపోయాను.

అప్పట్లో నేను అక్కడ ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ కీపర్ని. నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడేది. దాని బరువుకు నా శరీరం కుడివైపు రెండంగుళాలు ఒరిగింది. ఒకరోజు టై కట్టుకున్న ఒకాయన స్టోరు గుమ్మంలో నిలబడి "సర్" అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను, ఎవరూ లేరు. నన్నే. జీవితంలో నన్ను మొదటిసారి సారన్న మనిషి. ఇంకో రెండుసార్లు అనుంటే ఒక కిడ్నీ కూడా రాసిచ్చేవాణ్ణి. ఆయన కార్డుతో సరిపెట్టుకున్నాడు. ఫారం మీద సంతకం చేశాను. పూచీకత్తుకని, అంకె వేయని ఒక ఖాళీ చెక్కు మీద కూడా చేశాను.

తరువాత దుబాయ్‌లో కట్టడాలన్నీ నిలిచి, క్రేన్లు ఆగిపోయిన ఏడు వచ్చింది. మా కంపెనీ రెండు నెలల జీతం ఎగ్గొట్టి, పాస్‌పోర్టులు చేతిలో పెట్టి, పదిరోజుల్లో వెళ్ళమంది. అయితే వట్టి చేతులతో ఎలా వెళ్తాం? మా ఊళ్ళలో గల్ఫ్ నుంచి వచ్చినవాడు జీపులోంచి ముందు కార్టన్, అంటే సామాన్ల అట్టపెట్టె, దించాలి. తాను దిగడం తర్వాత సంగతి. ఉద్యోగం ఊడి వచ్చినా, నడుం విరిగి వచ్చినా, కార్టన్ లావుగా ఉంటే ఎందుకు వచ్చావని ఎవరూ అడగరు. సన్నగా ఉంటే మేడిపల్లి నుంచి మెట్‌పల్లి దాకా అందరూ అడుగుతారు. అందుకని ఒక్కరోజులో, ఒక్క దుకాణంలో, కార్డు అడుగంటేదాకా గీకాను. పాలపొడి, టార్చిలైట్లు, సెంటుసీసాలు, ఇస్త్రీపెట్టె, నొప్పులకు రాసుకునే మందు డజను. అన్నిటికీ అడుగున సిరిసిల్లలో ఉన్న మా అక్కకు ఒక చద్దరు. మీద పులి బొమ్మ ఉంటుంది. రెండు పొరల మందం. కప్పుకుంటే మనిషి ఊపిరి తీయాలన్నా పులి అనుమతి కావాలి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బగారన్నం తిన్నాక రూమ్‌లోని ఎనిమిదిమందిమీ కలిసి కార్టన్ కట్టాం. ఇద్దరు పైన కూర్చున్నారు, ఇద్దరు తాడు లాగారు, ఒకరు నాలుగువైపులా నా పేరు, ఊరు మార్కర్‌తో రాశారు. మిగతావాళ్ళు సలహాలిచ్చారు. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, మా రూమ్‌కు సుప్రీంకోర్టు. ఆయన్ను అడిగాను.

"పెద్దన్నా, మరి కార్డు బాకీ ఎట్ల?"

"ఎగ్జిట్ ముద్ర పడ్డంక ఇంకేం బాకీ తమ్మీ? గా ముద్రతోని అన్నీ ఖలాస్. కత్తెర తే."

కార్డును ఎనిమిది ముక్కలు చేశాడు. తలా ఒక ముక్క తీసుకుని ఎనిమిది వేర్వేరు చెత్తడబ్బాల్లో వేశాం. అన్నీ ఒకచోట ఉంటే అతుక్కుని మళ్ళీ బాకీగా లేస్తాయేమోనని భయం. మాలో పదో తరగతి పాసైనవాళ్ళు ముగ్గురున్నారు, నాతో కలిపి. అందరం నమ్మాం.

ఇప్పుడు కూతురు ఫోన్ పెట్టేశాక ఆ ఎనిమిది ముక్కలూ ఎనిమిది దిక్కుల నుంచి వచ్చి నా ముందు అతుక్కున్నాయి. కోరుట్లలోనే టికెట్లు చేసే ఏజెంటు దగ్గరికి వెళ్ళి, నా దోస్తు ఒకడున్నాడు, వాడికి ఇలా ఒక బాకీ ఉంది అని మొదలుపెట్టాను.

"నీ దోస్తు చెక్కు మీద సంతకం వెట్టిండా కాకా?" అన్నాడు ఏజెంటు.

"పెట్టినట్టే ఉన్నది. వాడు సక్కగ జెప్తలేడు."

"నీ దోస్తు మొకం మీద చెమట గారుతుంది, తుడుసుకొమ్మను."

తుడుచుకున్నాను.

"గా చెక్కు మీద కేసువెట్టి ఉంటే ఎయిర్‌పోర్టులనే ఆపుతరు. పెట్టకుంటె ఏం గాదు. పెట్టిండ్రా లేదా అంటే నాకెర్క లేదు. మొన్న ఒకన్ని గట్లనే వాపస్ పంపిండ్రు. ఇంకొకడు పోయి మంచిగ పనిజేసుకుంటుండు. నీ దోస్తు నసీబు."

బ్యాంకుకు ఫోన్ చేశాను. ముందు సంగీతం పెట్టారు. అది అయ్యేసరికి నా మీసంలో నలుపు పోయింది. ఆ తర్వాత హిందీలో మాట్లాడే ఒకాయన దొరికాడు. ఖాతా అలాగే ఉందన్నాడు. నేను అక్కడ మేకపిల్లను వదిలి వస్తే, వాళ్ళు దాన్ని మేపి ఏనుగును చేశారు. బేరమాడాను. చివరికి, అసలు మీద కొంచెం కలిపి కడితే బాకీ తీరినట్టు ఉత్తరం ఇస్తామన్నాడు. కేసు ఉందా అని అడిగితే అది చెప్పడం తన పని కాదన్నాడు. కట్టకపోతే ఏమవుతుందంటే, అదీ తన పని కాదన్నాడు. కట్టించుకోవడం ఒక్కటే ఆయన పని.

ఆ మొత్తాన్ని రూపాయల్లోకి మారిస్తే జగిత్యాలలో నేను బేరం చేసి పెట్టిన పాత కారు ధరకు అటూ ఇటుగా వచ్చింది. దాని కోసమే నాలుగేళ్ళు కూడబెట్టాను. తెల్ల కారు. ఇంకా కొనలేదు గానీ నా మాటల్లో అది రెండుసార్లు హైదరాబాదు వెళ్ళొచ్చింది.

మూడు రోజులు రకరకాలుగా ఆలోచించాను. నడుంనొప్పి అని పడుకుని భార్యను ఒక్కదాన్నే పంపవచ్చు. అప్పుడు కారు మిగులుతుంది. ఆమె మాత్రం ఏ దేశంలో మిగులుతుందో తెలియదు. కట్టకుండా ధైర్యంగా వెళ్ళవచ్చు. కేసు ఉంటే, కూతురు నొప్పులు పడే వేళకు అల్లుడు ఆసుపత్రికి పోవాలా, నా కోసం పోలీసు స్టేషన్‌కు పోవాలా? నొప్పి నటించడానికి సాధన మొదలుపెట్టాను. రెండో రోజుకు నిజంగానే నడుం పట్టింది.

అక్కకు చెప్పకుండా దేశం దాటితే తిరిగొచ్చాక బతకనివ్వదు కనుక, ఆ నడుంతోనే బండి మీద వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్ళాను. బావ మరమగ్గాలు నడిపేవాడు. ఇప్పుడు వాటిలో ఒకటే మిగిలింది. అక్క గుమ్మంలో కూర్చుని ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నా మాట సగం వినగానే చాట పక్కన పెట్టి లోపలికి వెళ్ళి బట్టల సందుగ తెరిచింది. డాంబరు గోలీల వాసన సిరిసిల్లను దాటి సిద్దిపేట దాకా పోయింది. అడుగు నుంచి పులిని లేపి నా చేతుల్లో పెట్టింది. ప్లాస్టిక్ కవరు జిప్పు కూడా తీయలేదు.

"గిది తీస్కపో తమ్మీ. నా కోడలుకియ్యి. మేనత్త పెట్టిందని జెప్పు. పుట్టినోళ్ళను అండ్ల సుట్టుమను."

"ఇన్నేండ్లు కప్పుకోలేదా అక్కా?"

"ఎట్ల కప్పుకుంట? ఆ ఎండలల్ల చెమటోడ్చి కొనుక్కొస్తివి. మాస్తదని ముట్టలే. మీ బావ చలిజ్వరం వచ్చి అడిగితెగూడ ఇయ్యలే. నా చీరెలు రెండు కప్పిన."

బావ మగ్గం దగ్గర నుంచి తల తిప్పి చూశాడు. నిజమేనన్నట్టు తలూపాడు.

అక్కడే నోరు జారింది. "అక్కా, అది నేను కొనలే."

"మరి ఎవ్వలు కొన్నరు?"

"బ్యాంకోళ్ళు."

కార్డు, కార్టన్, ఎనిమిది ముక్కలు, అంతా చెప్పాను. జీవితంలో ఒక్క అబద్ధపు అలంకారం కూడా పెట్టకుండా నేను చెప్పిన కథ అదొక్కటే. చెప్పి చూస్తే చాలా చిన్నగా ఉంది.

"అంటే పదిహేడేండ్ల సంది నేను దొంగసొమ్ముకు డాంబరు గోలీలు పెడుతున్ననా?"

"దొంగసొమ్ము గాదు అక్కా, అప్పు."

"అప్పు మీ బావ గూడ జేసిండు. మగ్గాలు బందువడ్డ ఏడు ఈ వాడల ఎంతమంది ఇల్లిడిసి భీవండి ఉరికిండ్రో నీకెర్కనే. మేం ఉరకలే. ఈ చేతివేళ్ళతోని బీడీలు జేసి కట్టిన. నువ్వు విమానమెక్కి ఉరికొచ్చినవ్."

నా చేతుల్లోంచి చద్దరు లాక్కుని మళ్ళీ సందుగలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"కట్టి కాయిదం తే. కాయిదం జూసినంకనే ఇస్త."

"కాయిదం ఇంగ్లీషుల ఉంటది. నీకేం తెలుస్తది?"

"ముద్ర ఉంటది గదా? ముద్ర జూస్త."

బావ నన్ను బండి దాకా సాగనంపుతూ, చాలా మెల్లగా, "కట్టు బామ్మర్ది. ఆ చద్దరు ఇంట్ల ఉన్నా నాకు జ్వరమస్తే చీరెలే," అన్నాడు.

తిరిగి వచ్చే దారిలో కారును అమ్మేశాను, అంటే మనసులో. ఇంటికి వచ్చి భార్యకు చెప్పాను. ఆమె రోకలి పక్కన పెట్టింది.

"గంతేనా? నడుము పట్టుకుని తిరుగుతుంటె ఏం రోగమో అనుకున్న. మరి కారో?"

"ఇగ కారు లేదు."

"వాడకట్టోళ్ళందరికి నేను గూడ జెప్పిన గదనయ్యా! నన్నేమడుగుతరు?"

"ఇంజను దుబాయ్‌ల బాగుచేయిస్తున్నమని జెప్పు."

కూతురికి చెప్పడం ఇంకా కష్టమైంది. ఏ బ్యాంకని అడిగింది, చెప్పాను.

"బాపూ, మూడేండ్ల సంది నేను గా బ్యాంకు ముంగటినుంచే డ్యూటీకి పోతున్న," అంది. "పైసలు నేను కడుత తీ."

"వద్దు బిడ్డా. నేను పంపుత. నువ్వు పోయి కట్టి కాయిదం తే."

పంపాను. ఏడు నెలల కడుపుతో వెళ్ళి కౌంటర్ దగ్గర కట్టింది. వారానికి బ్యాంకు ఉత్తరం ఫోటో వచ్చింది. కోరుట్లలో రంగుల్లో ప్రింటు తీయించి సిరిసిల్ల పట్టుకెళ్ళాను. అక్క ముద్రను వెలుతురుకు పెట్టి చూసింది, వేలితో రుద్ది చూసింది, బావకు కూడా చూపించింది. అప్పుడు సందుగ తెరిచింది.

హైదరాబాదు విమానాశ్రయంలో మా పెట్టె బరువు ఎక్కువైంది. చద్దరు తీసేస్తే సరిపోతుందంది కౌంటర్‌లోని అమ్మాయి.

"చద్దరు తియ్య. దానికి కాయిదమున్నది," అని ఉత్తరం తీసి ఆమె ముందు పరిచాను. ఆమె దాన్నీ నన్నూ చూసింది. నా భార్య గొణుక్కుంటూ నా ప్యాంట్లు నాలుగు, బూట్లు తీసి, సాగనంపడానికి వచ్చిన తన తమ్ముడి చేతిలో పెట్టింది.

దుబాయ్‌లో దిగి వరుసలో నిలబడ్డాం. ఆ వరుస పొడవు కోరుట్ల నుంచి జగిత్యాలకు తక్కువ ఉండదు. నా వంతు వచ్చింది. గాజు వెనకాయన పాస్‌పోర్టు తిప్పాడు, తెర వైపు చూశాడు, నా ముఖం వైపు సరిగా చూడనైనా లేదు. టక్కున ముద్ర కొట్టాడు. పదిహేడేళ్ళ బాకీకి పట్టిన భయం తుమ్మినంతసేపట్లో అయిపోయింది. నాకు మనసొప్పలేదు. జేబులోంచి ఉత్తరం తీసి గాజు కింద నుంచి లోపలికి తోయబోయాను.

నా భార్య నా చొక్కా పట్టి లాగింది.

"అడగనిది ఎందుకు జూపుతవయ్యా? నడువు. బిడ్డ బయట నిలవడి ఉంటది."