మా పాప బొడ్డుతాడు రక్తం

ఉదయగిరిలో మా అత్త మా పాప కృపకు నీళ్లు పోస్తూ చటుక్కున ఆగిపోయింది. పాప అరచేయి తిప్పి వెలుగులో చూసింది.

"ఏందమ్మే, బిడ్డ ఇట్టా పాలిపోయుండాది? గోళ్లల్లో కూడా రక్తం లేదు."

ఎనిమిదో నెల వచ్చినా కృప అప్పటికింకా పాకడం లేదు. పాలు తాగుతూ మధ్యలోనే అలసి నిద్రపోయేది. పళ్లొస్తున్నాయేమో అనుకుంటూ వచ్చాను.

మేముండే ఆత్మకూరులో డాక్టరు సీబీసీ అనే రక్తపరీక్ష చేయించి, "హిమోగ్లోబిన్ నాలుగే ఉంది, వెంటనే నెల్లూరు తీసుకుపోండి" అన్నారు. నెల్లూరులో పాపకు, మా ఇద్దరికీ హిమోగ్లోబిన్ రకాలు తేల్చే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేశారు. పాపకు తలసీమియా మేజర్, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. మేమిద్దరం క్యారియర్లం, అంటే ఆ జబ్బు జీన్‌ను మోసేవాళ్లం. నా భర్త ప్రభుదాసు నాకు సొంత మేనమామ కొడుకే. మాకు ఏ జబ్బూ లేదు, పాపకు వచ్చింది.

ఆయన మాత్రం అక్కడి డాక్టరమ్మను ధైర్యంగానే అడిగాడు. "మేడమ్, పాప పుట్టినప్పుడు కార్డ్ బ్లడ్ దాచిపెట్టినాం. అది ఎక్కిస్తే నయమైపోతాది గదా?"

కాన్పు రోజున బొడ్డుతాడులోంచి తీసిన రక్తం అది. బిడ్డకు ఎప్పుడు ఏ కష్టమొచ్చినా అదే కాపాడుతుందని కార్డ్ బ్లడ్ బ్యాంకువాళ్లు చెబితే నమ్మి, వాళ్ల దగ్గర పెట్టించాం.

డాక్టరమ్మ రిపోర్టు మా వైపు తిప్పారు. "ఆ రక్తంలోనూ ఇదే జబ్బు ఉంటుందమ్మా. జీన్‌లోనే ఉంది కదా. పాపది పాపకు పనికిరాదు. తోడబుట్టినవాళ్లది మ్యాచ్ అయితే, అందులోని మూలకణాలతో ట్రాన్స్‌ప్లాంట్ చేయొచ్చు."

అప్పట్నుంచి నెలనెలా రక్తం ఎక్కించాం. కృపకు మాటలొచ్చాక, నరం దొరక్క మళ్లీ మళ్లీ గుచ్చుతుంటే "చాలు మా, ఇంటికి పోదాం" అని ఏడ్చేది.

నేను మళ్లీ నెల తప్పాను. కడుపులో బిడ్డకు పరీక్ష చేసి, జబ్బు లేదన్నారు. కొడుకు పుట్టాడు. కార్డ్ బ్లడ్ తీస్తున్నంతసేపూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

ఇద్దరిదీ మ్యాచ్ అవుతుందో లేదో చూసే హెచ్‌ఎల్‌ఏ రిపోర్టు వచ్చింది. "సగమే మ్యాచ్ అయిందమ్మా, అది చాలదు," అన్నారు డాక్టరమ్మ.

ప్రభుదాసు ఆసుపత్రి వరండాలో గోడకు తల ఆనించి బిగ్గరగా ఏడ్చాడు. పురిటిబిడ్డ నా పక్కలో ఉన్నాడు. వాణ్ని చూసి సంతోషపడాలని తెలుసు. చాలా రోజులు నా వల్ల కాలేదు.

కృప ఇప్పుడు రెండో తరగతి. రక్తం ఎక్కించిన వారం పరుగులు తీస్తుంది, నెలాఖరుకు బడి మెట్లు ఎక్కలేదు. మూలకణాలు ఇచ్చేవాళ్ల పేర్లుండే డోనర్ రిజిస్ట్రీలో పాపకు సరిపోయేవాళ్లు ఇంకా ఎవరూ దొరకలేదు.

మొన్న తమ్ముడికి అన్నం తినిపిస్తూ అడిగింది. "వాడి రక్తం నాకు సరిపోలేదని నీకు వాడంటే కోపమా మా?"

"లేదు తల్లీ," అనగలిగాను. వాణ్ని ఒళ్లోకి తీసుకున్నాను.

చదివేవాళ్లకు ఒక్క మాట చెబుతాను. మేనరికమైనా కాకపోయినా, పెళ్లికి ముందే ఇద్దరూ క్యారియర్లో కాదో తేల్చే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకోండి. అప్పుడు కుదరకపోతే నెల తప్పిన వెంటనే చేయించుకోండి. బొడ్డురక్తం దాచాలా వద్దా అన్నది ఆ తర్వాతి సంగతి. అట్లాంటి పరీక్ష ఒకటుందని మాకు తెలియదు. మీకిప్పుడు తెలిసింది.