నా గొంతుకు సన్మానం

మాది బడంగ్‌పేట్. యూనివర్సిటీలో గెస్ట్ లెక్చరర్‌గా చాలా ఏళ్లు ఫ్రెంచి చెప్పాను. కిందటేడు మాలాంటి విదేశీ భాషల టీచర్లకు శంషాబాద్‌లో కంప్యూటర్ శిక్షణ పెట్టారు. మేం పాఠాలు చదివి రికార్డు చేస్తే, కంప్యూటర్ మా గొంతు నేర్చుకుంటుందట. నెత్తిమీదుగా విమానం వెళ్లినప్పుడల్లా ఆగి, ఆ వాక్యాన్ని మళ్లీ మొదటినుంచి చదివాను.

చివరి రోజు స్పీకర్‌లో నా గొంతు మోగింది. నేనెన్నడూ చదవని పాఠాన్ని అచ్చం నాలాగే, మధ్యలో చిన్నగా నవ్వుతూ చెబుతోంది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరిలోకీ నా గొంతే బాగా కుదిరిందని మా శాఖాధిపతి నాకు శాలువా కప్పారు.

“ఇగ మీకు పరేషాన్ లేదు మేడం! మీరు రాకున్నా మీ గొంతే క్లాస్ చెప్తది,” అన్నాడు శిక్షణ ఇచ్చినాయన సంబరంగా.

“మరి వచ్చే సెమిస్టర్ నా క్లాసులండీ?” అని శాఖాధిపతిని అడిగాను.

ఆయన కెమెరా వైపే చూస్తూ, “కాస్త నవ్వండమ్మా,” అన్నారు.

నవ్వాను. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఇప్పటికీ రావడం లేదు.

శాలువా బీరువాలో ఉంది. నేను ఇంట్లో ఉన్నాను. నా గొంతు మాత్రం రోజూ క్లాసుకి వెళ్తోంది.